బదులు రాయి

1993 మార్చి 9, మంగళవారం

పొద్దున్నే సత్తిబాబు అన్నయ్యగారు వచ్చారు. అత్తయ్యగారి మేనల్లుడు, మా ఆయనకి బావ వరస. కాఫీ చల్లారేదాకా రొయ్యల గురించే చెప్పారు. కాలవ అవతల మా నాన్న పసుపు కుంకుమ కింద నాకు రాసిచ్చిన రెండెకరాలు చెరువు తవ్వేద్దాం, ఉప్పుటేరు పక్కనే ఉంది, అంతకన్నా అదృష్టం ఏంటి అన్నారు. ఈ దాళ్వా వరి కోత అవ్వగానే పొక్లెయిన్ దింపుతారట.

చేను నా పేరున ఉంది. నేను వంటింట్లో ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

ఒకసారి ఉప్పునీళ్ళు పెడితే ఆ నేల మళ్ళీ వరికి రాదు. పక్క ఊళ్ళో చూశాను, గట్టు మీద గడ్డి కూడా మాడిపోయింది. మేం తినే బియ్యం ఆ చేలోవే. చెరువు నాకు ఇష్టం లేదు. ఇక్కడ రాయడానికి ఎంత తేలిగ్గా ఉంది.

మా ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. అత్తయ్యగారే తేల్చారు. ఒరే గణేషూ, మీనరాశికి ఏలినాటి శని పట్టి వారం కాలేదు, మట్టిపని పెట్టుకునే ముందు సిద్ధాంతిగారిని అడగరా అన్నారు. రొయ్యలకి రాశులుండవే అత్తా అన్నారు అన్నయ్యగారు. వాటికి రాశుల్లేవు, నీకు బుద్ధి లేదు అన్నారు అత్తయ్యగారు.

మార్చి 11, గురువారం

సామర్లకోట వెళ్ళొచ్చాం. అత్తయ్యగారు, ఆయన, నేను.

సిద్ధాంతిగారు జాతకం చూసి, తులాలగ్నం కాబట్టి శని ఈ అబ్బాయికి చుట్టమే, కాస్త బలం ఇస్తే నెత్తిన పెట్టుకుంటాడు అన్నారు. నీలం పెట్టుకోవాలట. కానీ అసలు నీలం వద్దన్నారు. మన తాహతుకి మించింది. పైగా నీలం కుదిరితే మేడ కట్టిస్తుంది, కుదరకపోతే ఉన్న ఇల్లు అమ్మిస్తుందట. ఉపరత్నం అయితే మెత్తన. దాని మంచీ చిన్నదే, కోపమూ చిన్నదే. నీలానికి బదులు అమెథిస్ట్ అనే ఊదారంగు రాయి తీసుకోమన్నారు.

అత్తయ్యగారికి అనుమానం వచ్చింది. బదులుది పెడితే శనికి తెలిసిపోదా అండి అని అడిగారు. ముత్యానికి బదులు మీ వేలికి చంద్రకాంతం ఇచ్చి ఎన్నేళ్ళయింది పాపాయమ్మగారూ, చంద్రుడేమైనా కబురు పెట్టాడా అన్నారు సిద్ధాంతిగారు.

ఎలా ఎంచుకోవాలో చెబుతుంటే నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. బదులు రాయికి శక్తి తక్కువ కాబట్టి అసలుదానికన్నా రెట్టింపు బరువు ఉండాలి. పగులు ఉండకూడదు. భూమిలో పుట్టింది కావాలి, గాజు పనికిరాదు, మిషన్లో చేసింది అసలే పనికిరాదు. వెండిలో, మధ్యవేలికి, శనివారం పెట్టుకోవాలి. ఉంగరం అడుగు మూసేస్తే రాయి ఒంటికి తగలదు, అది పెట్టుకున్నా ఒకటే, బీరువాలో దాచుకున్నా ఒకటే. కొన్నేళ్ళకి శక్తి పోతుంది, అప్పుడు మార్చాలి. పగడమూ కెంపూ దీంతో పడవట. కుజుడు, సూర్యుడు శనికి గిట్టనివాళ్ళు. ఆయన పెళ్ళినాటి పగడం ఉంగరం తీసేయమన్నారు.

ఇంకోటి చెప్పారు. ఉంగరం కట్టించే ముందు రాయిని నీలపు గుడ్డలో చుట్టి మూడు రాత్రులు తలకింద పెట్టుకుని పడుకోవాలి. మంచి కల వస్తే చెరువు తవ్వుకోవచ్చు. పీడకల వస్తే రాయి తిరిగి ఇచ్చేసి, చెరువు మాట మర్చిపోవాలి.

అంటే నా రెండెకరాల సంగతి మా ఆయన నిద్రలో తేలుతుంది. ఆయన నిద్ర నాకు తెలుసు. దొంగలు పడి మంచంతో సహా ఎత్తుకుపోయినా లేవరు.

మార్చి 12, శుక్రవారం

పగడం ఉంగరం సబ్బు రాస్తే గానీ రాలేదు.

మార్చి 13, శనివారం

కాకినాడలో రాయి కొన్నాం. నేనే ఎంచాను.

కొట్టాయన తెల్లకాగితం మీద మూడు రాళ్ళు పెట్టారు. మూడూ ఊదారంగే. మా ఆయన బాగా మెరిసేదాన్ని పట్టుకున్నారు. అత్తయ్యగారు పెద్దదాన్ని పట్టుకున్నారు. నాకు కొట్లలో నోరు పెగలదు. ఆయన చొక్కా లాగి, గుమ్మంలోకి తీసుకెళ్ళి ఎండలో చూద్దామని చెవిలో చెప్పాను. మా ఆవిడ ఎండలో చూస్తానంటోంది అని ఆయన చెప్పారు. అమ్మగారు చూస్తానంటే వద్దంటామా అండి అని కొట్టాయన ఆయనతో అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఎండలో పట్టుకుంటే పెద్దదాని లోపల సూదిమొనంత గాలిబుడగ కనిపించింది, గుండ్రంగా. గుప్పిట్లో పెట్టుకోగానే వెచ్చబడింది కూడా. గాజు. మెరిసేదాంట్లో మచ్చ లేదు, గీత లేదు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే రంగు. మూడోది ఓ పక్క ముదురు, ఓ పక్క తేట. తొడిమ దగ్గర వంకాయ వెలిసినట్టు. బుగ్గకి ఆనించాను. చల్లగా ఉంది, చల్లగానే ఉండిపోయింది. భూమిలో పుట్టింది ఏదైనా అంతా ఒకే రంగులో ఎందుకుంటుంది. ఇదే తీసుకుందామని ఆయన చెవిలో చెప్పాను.

మెరిసేది మిషన్‌దేనండి, నేను చెబుదామనే ఉన్నాను అన్నారు కొట్టాయన. ఉన్నారు కాబోలు.

దిండు కింద పెడితే జారిపోతుందని గుడ్డతో సహా ఆయన దిండు గలీబులో పెట్టి మూతి కుట్టేశాను.

మార్చి 14, ఆదివారం, పొద్దున్న ఆరు

ఆయనకి కల రాలేదు. నాకొచ్చింది.

మా చేలో మోకాల్లోతు నీళ్ళలో ఉన్నాను. కొంగు పరిచాను. చేపలు వాటంతటవే వచ్చి కొంగులో పడ్డాయి, తెల్లగా తళతళలాడుతూ. పోయిన మా అమ్మమ్మ గట్టు మీద కూర్చుని, చాలే తల్లీ, మొయ్యలేవు అని నవ్వుతోంది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. దోసిలితో తాగాను.

కలలో చేపలు కనిపిస్తే లక్ష్మి వస్తుందంటారు.

నా కల ఎవరికి కావాలి అనుకున్నాను. జడ వేసుకుంటూ అద్దంలో చూస్తే చెంప మీద నొక్కు పడి ఉంది. కుట్టిన దిండు నా తలకింద ఉంది. ఆయనకి బూరుగుదూది దిండు పడదు. నిద్రలోనే నాది లాక్కుని తనది ఇటు తోసేస్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. రాయి పెట్టేటప్పుడు నాకు గుర్తే రాలేదు.

ఎవరికీ చెప్పలేదు.

మార్చి 15, సోమవారం

అత్తయ్యగారు పట్టుకున్నారు. రాత్రి నేను దిండ్లు సరిగానే పెట్టాను, ఆయన మళ్ళీ లాక్కున్నారు. పొద్దున్న అత్తయ్యగారు పక్కలు ఎత్తడానికి వచ్చి, కుట్టిన దిండు నా వైపు ఉండటం చూసి, ఒరే, శనికి నువ్వు కావాలా నీ పెళ్ళాం కావాలా అని కేకలేశారు. నాకు తెలిస్తే ఒట్టమ్మా, నేను నిద్రపోతున్నాను కదా అన్నారు ఆయన. నీకేదైనా కలొచ్చిందా అమ్మాయ్ అని అత్తయ్యగారు నన్నడిగారు. వచ్చిందన్నాను. నోట్లోంచి వచ్చేసింది. చెప్పొద్దు, చెప్పొద్దు, ముందు సిద్ధాంతిగారిని అడగనీ అన్నారు.

ఆయన సెంటర్‌కి వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసొచ్చారు. భార్య అంటే అర్ధాంగి, రాయి ఎవరి తలకింద ఉంటే వాళ్ళ కలే లెక్క, మూడో రాత్రి కూడా అమ్మాయి దగ్గరే ఉంచి రేపు పొద్దున్న అడగండి అన్నారట సిద్ధాంతిగారు.

మధ్యాహ్నం అన్నయ్యగారు వచ్చి విని పడీపడీ నవ్వారు. రాయే బదులు రాయి, ఇంక కల బదులుదైతే తప్పేంటి అత్తా అన్నారు. చెల్లెమ్మా, కాస్త చూసి మంచి కల కను, రేపు అగ్రిమెంటు కాగితాలు పట్టుకొస్తాను అన్నారు.

మొన్నటిదాకా నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు అందరూ నా తలకాయ చుట్టూ తిరుగుతున్నారు.

అదే రోజు, సాయంత్రం

ఒక్క అబద్ధం చాలు. దున్నపోతు తరిమింది, తలంటు నూనె కారింది, పళ్ళూడాయి, ఏదైనా చాలు. చేను మిగులుతుంది. నన్నెవరూ తిట్టరు, శనినే తిడతారు. బియ్యం ఏరుతూ పీడకల మొత్తం తయారు చేసుకున్నాను. దున్నపోతు మెళ్ళో గంట కూడా కట్టాను.

తర్వాత నచ్చలేదు. ఆ రాయి నేను ఎంచింది. మంచి రాయి. దాని మీద నింద వేస్తే మా ఆయన శని వదిలేదాకా భయపడుతూ బతుకుతారు. వచ్చే ఏడు అన్నయ్యగారు ఇంకో రాయి తెమ్మంటారు. మళ్ళీ దిండు, మళ్ళీ మూడు రాత్రులు, మళ్ళీ నేను ఓ దున్నపోతుని తోలుకురావాలి. నీలానికి బదులు అమెథిస్ట్ పనిచేస్తుంది, నేను నమ్ముతాను. ఇవ్వను అనే మాటకి బదులు పీడకల ఎన్నాళ్ళు పనిచేస్తుంది?

మార్చి 16, మంగళవారం

చెప్పేశాను.

అందరూ వసారాలో కూర్చున్నారు. కాగితాలు ఎగిరిపోకుండా అన్నయ్యగారు వాటి మీద మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. చెప్పమ్మా ఏం కనిపించింది అన్నారు అత్తయ్యగారు. రాత్రి ఏమీ రాలేదండి, మొదటి రాత్రి వచ్చింది అని చేపల కల మొత్తం చెప్పాను, అమ్మమ్మతో సహా. అత్తయ్యగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నారు. అన్నయ్యగారు పెన్ను మూత తీశారు.

కల మంచిదేనండి, రాయి కూడా మంచిదే, ఆయన్ని పెట్టుకోమనండి, చేను మాత్రం చెరువుకి ఇవ్వనండి అన్నాను.

నా గొంతు ఎవరో పక్కింటావిడ గొంతులా వినిపించింది.

అదేంటి చెల్లెమ్మా, చేపలు వచ్చి కొంగులో పడ్డాక ఇంకా ఏం కావాలి నీకు అన్నారు అన్నయ్యగారు. అవి మంచినీళ్ళండి, ఉప్పునీళ్ళు కాదు అన్నాను. అనగానే తప్పు చేశానని తెలిసింది. కలకి అర్థం చెప్పడం మొదలుపెడితే మళ్ళీ సామర్లకోట బస్సెక్కాలి. అందుకని, కల ఎలాంటిదైనా నేను సంతకం పెట్టనండి, అక్కడ వరి పండుతుంది, వరే పండిస్తాం అన్నాను.

మూడేళ్ళుగా ఈ పిల్ల నోట్లో నాలుక లేదనుకున్నాను, దాచుకుందన్నమాట అన్నారు అత్తయ్యగారు. అన్నయ్యగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన కాగితాల మీది గ్లాసు తీసి, ఆ నీళ్ళు తాగేశారు. కాగితాలు ఎగిరాయి. అన్నయ్యగారే ఏరుకున్నారు.

లోపలికి వచ్చాక, ముందే చెప్పొచ్చు కదా తులసీ అన్నారు మా ఆయన. ముందే అడగొచ్చు కదండీ అన్నాను.

మార్చి 17, బుధవారం

అత్తయ్యగారు నాతో మాట్లాడటం లేదు. పులుసులో ఉప్పు సరిపోయిందని పిల్లితో చెప్పారు.

మార్చి 20, శనివారం

ఉంగరం వచ్చింది. కంసాలి అడుగు మూసేశాడు. తెరిచి తెమ్మని ఆయన్ని వెనక్కి పంపాను. మధ్యాహ్నానికి రాయి వేలికి తగిలేలా చేయించుకొచ్చి పెట్టుకున్నారు. ఆ రంగు ఆయన చేతికి బాగుంది.

అన్నయ్యగారు వేరేవాళ్ళ పొలం లీజుకి మాట్లాడుకున్నారట. ఆ రాయి నాకు కల ఇవ్వలేదు, నాకు చెరువు రాసిపెట్టి లేదు అని మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు. అననీ. ఆయనకి అలా చెప్పుకోవడం బాగుంటే నాకేం పోయింది.

అత్తయ్యగారు ఇవాళ నాతో మాట్లాడారు. తన చంద్రకాంతం తెచ్చి, ఇది ఎండలో చూసి పెట్టమ్మా అన్నారు. చూశాను. మంచిదే.

ఏప్రిల్ 12, సోమవారం

కోతకి కొత్త మనుషులు వచ్చారు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండి అని మా ఆయన్ని అడిగారు. ఆయన నా వైపు చూశారు.

తూర్పు గట్టు నుంచి అన్నాను.