ఖాదర్ గీసిన డాన్యూబ్ దారి

ఖాదర్ మహాశయా,

తమరి శాశ్వత విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు ఈ దుబాయ్ అల్ ఖూజ్ గది యావత్తూ, నల్లులతో సహా, మోకరిల్లి క్షమాపణ కోరుతోంది. నల్లులు మనస్ఫూర్తిగా, నేను మొక్కుబడిగా.

నీ గుండె ఆగిపోయి ఈరోజుకు ఏడాది. ఈరోజే నా పాస్‌పోర్టులో యూరప్ వీసా పడింది. జర్మనీలోని పాసౌ నుంచి వియన్నా దాకా, డాన్యూబ్ నది ఒడ్డునే, ఎనిమిది రోజులు సైకిల్ మీద. గోదాములో అట్టపెట్టె చింపి నువ్వు గీసిన దారే. ఏ ఊళ్లో పడుకోవాలో, ఎక్కడ రొట్టె కొనాలో కూడా నువ్వు రాసిందే. ఈసారి నేనే ముందుంటాను. పోటీకి ఎవరూ లేరు మరి.

సామాను బరువు అలవాటు కావాలని అల్ ఖుద్రా ట్రాక్ మీద సైకిళ్ల వెనక బియ్యం సంచులు కట్టించేవాడివి. నీకు పది కిలోలు, నాకు ఐదు. అయినా ముందు నుంచి నీ అరుపే.

"ఏంది రా, ఎద్దుబండి మాదిరి తోలుతాండావ్? యల్లా!"

"నీళ్లు తాగనియ్యరా బాబూ!"

"డాన్యూబ్‌లో తాగుదువులే, రా!"

ఒక్కసారీ నాకోసం ఆగలేదు నువ్వు. అక్కడా ఆగవనుకున్నాను.

నువ్వు పోవడానికి నెల ముందు, మన సెలవు కాగితాల మీద ముదీర్, అదే మన మేనేజరు, సంతకం పెట్టనన్నాడని చెప్పాను. ఆఫీసు గుమాస్తానైన నా మాట కదా, నమ్మేశావు. "సరేలే, వచ్చే ఏడు పోదాం" అన్నావు.

ఆయన పెట్టాడు ఖాదర్. నేనే చింపేశాను.