మందు లేని మేత

దుర్గవ్వకు నాగయ్య రాసేది.

ఇక్కడ నేను, బర్రె, ఇల్లు నిలబడే ఉన్నాం. అక్కడ నువ్వు, బిడ్డ మహేశ్వరి, మనవరాలు పూజ సల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇది నీకు చదివి వినిపించేది పూజే కాబట్టి ముందే చెబుతున్నాను. పూజా, నా అక్షరాలు చూసి నవ్వకు. రాత్రిబడిలో వచ్చిన చదువు ఇంతే. మధ్యలో మాటలు మింగకు, మీ అమ్మమ్మకు అన్నీ వినబడాలి.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఫోన్లో నీ మాట సగమే వస్తుంది. నా చెవులు బాగానే ఉన్నాయి, టవర్ బాగాలేదు. పైగా ఉత్తరమైతే నువ్వు మధ్యలో అడ్డం రావు.

మహేశ్వరి కాలికి కట్టిన సిమెంటు పట్టీ విప్పేదాకా అక్కడే ఉండు. స్కూటీ మీంచి తనకు తానే పడ్డానని అంటుంది గానీ, వెనక నుంచి ఎవరో గుద్ది ఉంటారని నా అనుమానం. నిదానంగా అడుగు. నా తిండికి బుగులు పడకు. రొట్టె నేనే చేసుకుంటున్నాను. మొదట చేసినది బర్రెకు పెట్టాను, తర్వాతది నేను తిన్నాను. బర్రె పాలు తగ్గలేదు. పాల కేంద్రంలో కొలత మీద నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి.

ఇక నీ కోడిపిల్లలు. పోయిన ఉత్తరంలో వాటి సంగతి మళ్లీ మళ్లీ అడిగించావు. మనిషిని ఒక్కసారే అడిగావు.

పోయేముందు నువ్వు ఏమన్నావో నాకు గుర్తుంది. "ముసురు కాలం, మందు మేతనే పెట్టు. లేకుంటే పిల్లలకు నెత్తురు పారుతది" అన్నావు. నేను తల ఊపాను. మల్లేశ్ దుకాణానికి పోతే వాడు రెండు సంచులు ముందర పెట్టాడు. చూస్తే రెండూ ఒక్కటే నూక, ఒక్కటే వాసన.

"గిది మందు కలిపింది, గిది కలపంది," అన్నాడు.

"రోగం లేని పిల్లకు మందెందుకురా?"

"రాకుంట ఉండేటందుకే మామా."

"రాని రోగానికి మందు అమ్మేటోడు రేపు రోగం గూడ అమ్ముతడు."

వాడు నవ్వాడు. నవ్వే దుకాణదారును నేను నమ్మను. మందు లేని మేతే తెచ్చాను. కొమురెల్లి జాతర నాటికి మన కోళ్లు కొనడానికి వచ్చేవాళ్లు నాటుదేనా అని అడిగి మరీ కొంటారు. మందు తిన్న కోడిని నాటుకోడి అని వాళ్ల చేతిలో పెడితే నా మాటకు విలువేముంది? పాల కేంద్రం దగ్గర అందరి ముందూ అదే అన్నాను. "నా దొడ్లె మందు గింజ పడది" అని.

తర్వాత ముసురు పట్టింది. ఒక పిల్ల రెక్కలు జారేసి ముడుచుకుని కూచుంది. రెట్టలో నెత్తురు కనిపించింది. అది పోయింది. మిగతావి తేరుకున్నాయి. అవి ఎట్లా తేరుకున్నాయో తర్వాత చెబుతాను.

తేరుకున్నాయని అనుకునేలోపే ఇంకో వింత. పిల్లలు కాళ్లు ముడిచి పడిపోతున్నాయి. మెడ వెనక్కి విరిచి మొగులు దిక్కు చూస్తున్నాయి. ఇన్నేండ్లలో అట్లాంటిది నేను చూడలేదు. ఇది రోగం కాదు, ఎవరో ఏదో పెట్టారని నా మనసుకు పడింది. మొదట మల్లేశ్ మీద అనుమానపడ్డాను. ఆ తర్వాత దొడ్డి మీద కన్నేసి ఉంచాను.

ఒక పొద్దున బర్రెకు గడ్డి వేసి వచ్చేసరికి, గోడ పక్కింటి రిజ్వానా మన దొడ్డిలో ఉంది. నువ్వు బిడ్డా అని పిలుచుకునే మనిషి, నాలుగు కోళ్లు పెంచి గుడ్లమ్ముకుని బతికే మనిషి. వంగి, పిల్లల నీళ్ల గిన్నెలో చిన్న సీసా వంచుతున్నది.

"ఏం పోస్తున్నవ్?"

ఉలిక్కిపడింది. "దవాయి కాకా. పిల్లలకు మంచిదే."

"నా దొడ్లె నీకేం పని? ఎవలు పొయ్యుమన్నరు?"

"అది అడగకు కాకా. తప్పు పనైతే చేస్తలేను."

పేరు దాచే మనిషిని నేను నమ్మను. సీసా గుంజుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నేరుగా పాల కేంద్రానికి పోయి, క్యాన్ల ముందర నిలబడి, "రిజ్వానా నా పిల్లలకు విషం పోసింది, తన కోళ్లకు గిరాకి కావాలని" అని అరిచాను. కాదని ఎవరూ అనలేదు. ఆనాటి నుంచి గుడ్ల కోసం ఆమె గడప ఎవరూ తొక్కలేదు. బుట్ట నెత్తిన పెట్టుకుని తొగుట వారపు అంగడికి పోయింది. ఆ మాట ఆమె కంటే ముందే అక్కడికి చేరింది. నిండుగా పోయిన బుట్ట నిండుగానే తిరిగొచ్చింది. నేను అరుగు మీద కూచుని చూశాను. ఆమె నా వైపు చూడలేదు.

పశువుల దవాఖాన డాక్టరమ్మ వినీతను పిలిపించి, సీసా చేతిలో పెట్టి, ఇది ఏం విషమో చెప్పమన్నాను.

"ఇది విషం కాదు పెద్దయ్యా. నెత్తురు పారే రోగానికి ఇచ్చే మందు. మేతల కలిపేది గూడ ఇసొంటిదే. నీళ్లల పోస్తే మేతల ఉండొద్దు, మేతల ఉంటే నీళ్లల పొయ్యొద్దు. రెండు దిక్కుల పడితే పిల్లల వొంట్ల బలం పోయి గిట్ల మెడలు వంగుతయ్. నువ్వేం మేత పెడుతున్నవ్?"

"మందు లేనిది," అన్నాను.

"అట్లయితే గిట్ల కావద్దే!" అని నా మొఖంలోకి చూసింది. గోడ అవతల రిజ్వానా గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

దుర్గవ్వా, ఇప్పుడు అసలు సంగతి. పూజా, ఇది నిదానంగా చదువు.

నేను అబద్ధం చెప్పాను. మొదటి పిల్ల పోయిన రోజే నా పంతం కూడా పోయింది. మల్లేశ్ దగ్గరికి పోతే నవ్వుతాడని సిద్దిపేట బస్సెక్కాను. నన్ను ఎరగని దుకాణంలో మందు మేత కొని తెచ్చి, మందు లేని మేత సంచిలోకి ఒంపాను. అది వచ్చిన ఖాళీ సంచిని గడ్డివాములో దాచాను. రిజ్వానాకు కనిపించేది పాత సంచే కదా. ముసలోడు మొండికేసి ఉత్త మేతే పెడుతున్నాడు, పిల్లలు మిగలవు అనుకుని, నాకు తెలియకుండా నీళ్లలో పోసింది. ఆమెకు తెలియకుండా నేను మేతలో పెట్టాను. ఇద్దరం బతికించాలనే చూశాం. రెండూ పడ్డ కడుపు మాత్రం వాటిది.

డాక్టరమ్మను ఇంట్లోకి పిలిచి మెల్లగా చెప్పాను. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. నీళ్లలో ఇక మందు పడొద్దని చెప్పి, బలానికి చుక్కల మందు ఇచ్చింది. పడిన పిల్లల్లో చానా మట్టుకు లేచాయి. లేవనివాటిని జామచెట్టు అవతల పూడ్చాను.

పిల్లలు లేచాయి గానీ రిజ్వానా బతుకు లేవలేదు. నేను అరిచింది ఊరిలో, ఒప్పుకున్నది ఇంట్లో. నువ్వు వచ్చి సర్దుతావులే అని కొన్నాళ్లు చూశాను. ఆ ఆడమనిషి అమ్ముడుపోని గుడ్లను తన కోళ్లకే ఉడికించి వేస్తుంటే గోడ మీంచి చూసి, ఇక నావల్ల కాలేదు.

ఈ పొద్దున గడ్డివాములోంచి మందు మేత సంచి తీసి, పాల కేంద్రం గోడకున్న మేకుకు తగిలించాను. పాలు పోసేవాళ్లంతా ఉన్నారు.

"గిది నేను సిద్దిపేట నుంచి దొంగతనంగ తెచ్చిన మందు మేత. పిల్లలు పడ్డది నా అబద్ధంతోని. రిజ్వానా పోసింది మందు. విషం నా నోట్లె ఉండె," అన్నాను.

నవ్వేవాళ్లు నవ్వారు. మల్లేశ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. "బస్సు కిరాయి పెట్టుకోని అంత దూరం పోయినవా మామా? గదే మేత నా దగ్గర లేదా?" అన్నాడు. నవ్వనిచ్చాను.

రిజ్వానా వెనక నిలబడి ఉందని నాకు తెలియదు. ముందుకొచ్చి సంచి వైపు చూసింది.

"తలకిందులు తగిలించినవ్ కాకా."

"ఇంగిలీషుది. నాకేం ఎర్క? తీసేస్తనుండు."

"తియ్యకు." తనే సంచిని తిప్పి, అక్షరాలు బాటకు కనబడేటట్టు మళ్లీ మేకుకు తగిలించింది. "నా పేరు ఎన్ని దినాలు గీడ అందరి నోళ్లల నానిందో, గిది గూడ అన్ని దినాలుండని. అందరు సదవాలె," అని పోయింది. సంచి ఇంకా అక్కడే ఉంది.

ఆ మందు పోయమన్నది ఎవరని ఆమెను మళ్లీ అడగలేదు. అడగనవసరం లేదు. నా మీద ఆమెను కావలి పెట్టి పోయింది నువ్వే. కాదని రాయించకు, నేను నమ్మను. నువ్వు చెప్పిన పని చేసి, నీ పేరు బయట పెట్టక, ఊరి ముందర విషం పోసినదని అనిపించుకుంది. నేను అన్న మాట నేను వెనక్కి తీసుకున్నాను. నువ్వు దాచిన మాట నువ్వే వచ్చి చెప్పాలి. బిడ్డ కాలు బాగై తిరిగొచ్చిన నాడు, మన ఇంట్లోకి రాకముందు ఆమె గడప ఎక్కు.

ఇట్లు,
ఇప్పుడు అందరికీ కనబడేటట్టే మందు మేత పెడుతున్న
నీ పెనిమిటి
నాగయ్య