వైకుంఠధామంలో పంతొమ్మిది మంది

ఈదులకుంట,
23 మార్చి 2026, సోమవారం.

గౌరవనీయులైన పంచాయతీ కార్యదర్శి శశిధర్ గారికి,
నాలుగో వార్డు నుంచి మనస్విని నమస్కరించి రాస్తున్నది.

ఈ రోజు పొద్దున్నే నాకొక ఆశ్చర్యం ఎదురైంది. మన ఊళ్లో నిశ్శబ్దం ఉంది. ఇన్నాళ్లూ లేదనుకున్నాను.

మా బర్రెదూడ తాడు తెంపుకొని పోతే వెతుక్కుంటూ ఊరి చివర వైకుంఠధామం దాకా వెళ్లాను. దూడ వెయిటింగ్ హాల్లో పడుకొని నెమరేస్తోంది. నేనూ పక్కనే బల్ల మీద కూర్చున్నాను. పది నిమిషాల పాటు దూడ నమలడం తప్ప ఇంకేమీ వినపడలేదు.

నేను ఇంటర్ పరీక్షలు రాశాను. మే నెలలో ఎంసెట్ ఉంది. మంచి ర్యాంకు రాకపోతే కోదాడలో ఇంజనీరింగ్ మాట మరిచిపోయి, మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లులో కంప్యూటర్ ముందు కూర్చోవాలని నాన్న తేల్చి చెప్పారు. మా ఇంటికి ఒకవైపు పిండిగిర్ని ఉంది. రెండోవైపు మహేష్ అన్న కిరాయికిచ్చే డీజే బాక్సులు ఉన్నాయి. కిరాయి లేని రోజు అవి పాడవుతాయేమోనని ఇంట్లోనే మోగిస్తాడు. భౌతికశాస్త్రంలో ధ్వని పాఠం తప్ప నాకింకేదీ ఎక్కడం లేదు.

వైకుంఠధామంలో నల్లా ఉంది, రెండు బాత్‌రూములు ఉన్నాయి, గ్రానైట్ బల్లలు ఉన్నాయి. కట్టి ఐదేళ్లయినా వాడినవాళ్లు ఒక్కరూ లేరు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా అక్కడ కూర్చొని చదువుకోవడానికి అనుమతి ఇప్పించగలరు.

ఇట్లు,
నిశ్శబ్దాన్ని ఇప్పుడిప్పుడే రుచి చూసిన
మనస్విని

తా.క.: దహనం చేసే గద్దెల వైపు వెళ్లను. అవి సిలబస్‌లో లేవు.

తా.క. 2: పరీక్ష అయ్యేదాకా నా ఫోను అమ్మ బీరువాలో ఉంటుంది. అందుకే ఇది ఫిర్యాదుల పెట్టెలో వేస్తున్నాను. పెట్టెలో ఒక తొండ ఉంది. అది నాది కాదు.

*

గ్రామపంచాయతీ కార్యాలయం, ఈదులకుంట,
24 మార్చి 2026.

కుమారి మనస్విని గారికి,

మీ దరఖాస్తు అందింది. పెట్టెలో వేసిన ప్రతి ఉత్తరానికీ ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని ఆదేశం ఉంది. నేను ఈ ఊరికి వచ్చి రెండేళ్లయింది. పెట్టెలోంచి ఉత్తరం రావడం ఇదే మొదలు. అందుకని రెండుసార్లు చదివాను.

రూల్సు కూడా చూశాను. వైకుంఠధామానికి ఎవరిని తీసుకురావచ్చో ఉంది గానీ, తమంతట తాము నడిచి వచ్చేవాళ్ల గురించి ఏమీ లేదు. వద్దని కూడా లేదు.

మీతో దాపరికం ఎందుకు, నాకూ ఒక ఇబ్బంది ఉంది. మన ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల పొలంలోనే కార్యక్రమం చేస్తారు. వైకుంఠధామంలో బోణీ చేయడానికి ఏ కుటుంబమూ ఒప్పుకోలేదు. "మా నాయననే దొరికిండా సార్ మీకు?" అని నన్నే అడుగుతారు. ఈ ఏడాది నుంచి నెలాఖరున ఎంతమంది వినియోగించుకున్నారో నేను కొత్త యాప్‌లో నింపాలి. జనవరిలో సున్నా, ఫిబ్రవరిలో సున్నా. మూడో నెల కూడా సున్నా వేస్తే యాప్ తీసుకోదు, నాకు మెమో వస్తుంది.

కాబట్టి అనుమతి ఇస్తున్నాను. ఒక్కటే షరతు. వచ్చినవాళ్లు రిజిస్టరులో పేరు, వయసు, వచ్చిన సమయం రాసి సంతకం పెట్టాలి. రిజిస్టరు, బాత్‌రూముల తాళంచెవి మా అటెండరు ఏసుపాదం ఇస్తాడు.

ఇట్లు,
శశిధర్,
పంచాయతీ కార్యదర్శి

తా.క.: తిరిగి వెళ్లిన సమయం కూడా తప్పక రాయాలి. రిజిస్టరులో ఆ గడి లేదు. స్కేలుతో నేనే గీశాను.

*

ఈదులకుంట,
31 మార్చి 2026.

సెక్రటరీ సార్‌కు మనస్విని నమస్కారాలు.

మీరిచ్చిన అనుమతి చాలా మంచి ఫలితాలిస్తోంది. ఆరు రోజుల్లో కెమిస్ట్రీ సగం అయింది. రెండోరోజు నుంచి నా స్నేహితురాలు రోజా కూడా వస్తోంది. మొదట భయంభయంగా గేటు దగ్గర నిలబడి, "నీకు బుగులైతలేదా?" అంది. "ఆర్గానిక్ కెమిస్ట్రీ కంటేనా?" అన్నాను. లోపలికి వచ్చింది.

మూడోరోజు సువర్ణ పెద్దమ్మ మిరపకాయల బస్తాతో వచ్చింది. గద్దెలు రెండూ చేత్తో తడిమి చూసి, "ఇంత సాఫ్ సిమెంటు ఊళ్లె ఇంకెక్కడున్నదే? ఐదేండ్లు ఎవ్వల్లకు జెప్పకుండ దాసిపెట్టిండ్రు" అని కాయలన్నీ పరిచేసింది. ఆమెను చూసి ఇంకో నలుగురు, వాళ్లను చూసి మరికొందరు వచ్చారు. అందరితో సంతకాలు పెట్టించాను. ఈ రోజుతో లెక్క పంతొమ్మిది.

ఒక్క పిచ్చమ్మ నానమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు. ఎనభై దాటిన మనిషి, కట్టె పట్టుకొని గేటు దాకా నడిచి వచ్చి మరీ తిట్టింది. "సచ్చినోళ్ల జాగల బతికినోళ్లు జేరితే రేపు సచ్చినోళ్లు యాడికి పోవాలె? బడికా?" అని అడిగింది. దీనికి మీ దగ్గర జవాబుంటే పంపగలరు.

ఇట్లు,
మనస్విని

తా.క.: వయసు గడిలో ఆధార్ వయసు రాయాలా, అసలు వయసా అని సువర్ణ పెద్దమ్మ అడుగుతోంది. రెండిటికీ పదకొండేళ్ల తేడా ఉంది. ఏది అసలో ఆమెకూ తెలియదు.

*

గ్రామపంచాయతీ కార్యాలయం,
2 ఏప్రిల్ 2026.

చెల్లెమ్మా మనస్వినీ,

కొంచెం ఇబ్బంది అయ్యింది. నువ్వు పుస్తకాలు పక్కన పెట్టక్కర్లేదు గానీ, ముందు ఈ ఉత్తరం చదువు.

మొన్న సాయంత్రం యాప్‌లో పంతొమ్మిది అని నింపాను. తెర ఎర్రగా మారింది. పదకొండు వందల జనాభా ఉన్న ఊళ్లో, ఐదేళ్లు సున్నా ఉండి, ఒక్క వారంలో పంతొమ్మిది మంది వైకుంఠధామం చేరారని పైదాకా వెళ్లిపోయింది. రాత్రికల్లా మండలం వాట్సాప్ గ్రూపులో మన ఊరి పేరు పక్కన చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

అంకె తగ్గిద్దామని చూశాను. యాప్‌లో పెంచడానికే వీలుంది, తగ్గించడానికి లేదు. పై అధికారికి ఫోన్ చేసి, "కంగారు పడకండి సార్, పంతొమ్మిది మందీ భోజనాల వేళకి ఇళ్లకి తిరిగి వెళ్లిపోయారు" అని చెప్పాను. ఆయన, "శశిధర్, లీవు కావాలంటే అడుగు, ఇస్తాను" అన్నారు.

సోమవారం వైద్య బృందం వస్తోంది. నీళ్లు పరీక్ష చేస్తారట. రిజిస్టరులో ఉన్నవాళ్లందరూ ఆ రోజు ఊళ్లోనే ఉండేలా చూడు.

ఇట్లు,
శశిధర్

తా.క.: యాప్‌లో కారణం కూడా అడిగింది. వృద్ధాప్యం, అనారోగ్యం, ప్రమాదం, ఇతరములు అని నాలుగు ఇచ్చారు. నేను అబద్ధం రాసేవాడిని కాదు. 'ఇతరములు' నొక్కి, ఖాళీలో 'ఎంసెట్' అని రాశాను.

*

ఈదులకుంట,
7 ఏప్రిల్ 2026.

సార్‌కు మనస్విని నమస్కారాలు.

నిన్న డాక్టరు గారు, నర్సు కృప మేడం, ఇంకో ఇద్దరు జీపులో వచ్చారు. వైకుంఠధామం ముందు దిగి, చెప్పులు విప్పి, తలలు వంచుకొని లోపలికి నడిచారు. లోపల రోజా బిగ్గరగా ఆమ్లాలు, క్షారాలు చదువుతోంది. కృప మేడం డాక్టరు గారి చెయ్యి పట్టుకున్నారు.

తర్వాత రిజిస్టరు చూసి ఒక్కొక్కరి పేరే పిలిచారు. పంతొమ్మిది మందీ "ఉన్న మేడం" అన్నారు. ఎలాగూ వచ్చాం కదా అని అందరికీ బీపీ చూశారు. రోజాకు రక్తం తక్కువని మాత్రలిచ్చారు. సువర్ణ పెద్దమ్మకు బీపీ ఎక్కువుంది. "ఇన్నేండ్ల నుంచి దవాఖానకు పోతే దొర్కని డాక్టరు గీడ దొరికిండు" అని ఆమె ఊరంతా చెబుతోంది. మధ్యాహ్నానికి వైకుంఠధామం ముందు వరుస రోడ్డు దాకా పెరిగింది. అందులో పిచ్చమ్మ నానమ్మ కూడా ఉంది. మోకాళ్ల గోలీల కోసం వచ్చాననీ, లోపలికి మాత్రం అడుగు పెట్టననీ ముందే చెప్పింది. గోలీలు గేటు బయటికే తెచ్చిచ్చారు.

కానీ సర్పంచ్ జంగయ్య గారు చాలా కోపంగా ఉన్నారు. వాట్సాప్ కబురు త్రిపురారం దాకా పోయింది. వాళ్ల అక్క లక్ష్మీబాయి ఆటో కట్టించుకొని, ఊరి మొగదల నుంచే ఏడుస్తూ వచ్చింది. తలుపు జంగయ్య గారే తీశారు.

"అక్కా, నేను బతికే ఉన్న."
"ఉంటే ఫోనెందుకు ఎత్తలే?"
"ఛార్జింగు పెట్టిననే."
"పంతొమ్మిది మందిల నువ్వొకనివి అనుకొని పదూళ్లు ఏడ్సుకుంట వస్తి. జర ముందుగాల జెప్పొద్దారా?"

ఊళ్లో ఇద్దరు పిల్లల సంబంధాలు కూడా ఆగిపోయాయట. అవతలివాళ్లు "మైల పోయినంక మాట్లాడుకుందాం" అన్నారట. హాలుకు తాళం వేస్తానని సర్పంచ్ గారు అంటున్నారు. సార్, ఇంకా ఫిజిక్సు మొత్తం ఉంది.

ఇట్లు,
పరేషాన్‌లో ఉన్న
మనస్విని

తా.క.: లక్ష్మీబాయి అత్తతో వచ్చిన ఆరుగురు బంధువులు చావుకని వచ్చి బతికున్నవాళ్లను చూసినా స్నానం చేయాలా అక్కర్లేదా అని చాలాసేపు చర్చించుకున్నారు. చివరికి కోడి కూర తిని వెళ్లారు.

*

గ్రామపంచాయతీ కార్యాలయం,
10 ఏప్రిల్ 2026.

చెల్లెమ్మా,

మండల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వైకుంఠధామాన్ని అది దేనికోసం కట్టారో దానికే వాడాలి, అలా వాడేవాళ్లు లేకపోతే తాళం వేసి ఉంచాలి, 14వ తేదీ గ్రామసభలో తీర్మానం చేసి పంపాలి అని ఉంది. సర్పంచ్ గారు ఇప్పటికే కొత్త తాళం కొన్నారు. నవ్వుతూ చూపించారు.

నేను ఇంజనీరింగ్ కోదాడలోనే చదివాను. మా ఇంటి పక్కన లారీల షెడ్డు ఉండేది. నీ అవస్థ నాకు తెలీక కాదు. కానీ ఆ రోజు నాకు పక్క ఊరి గ్రామసభ కూడా ఉంది. అక్కడికే వెళ్లాలి. మా పంచాయతీ ఆఫీసు గది ఇద్దామన్నా, అందులో ఎరువుల బస్తాలూ పాత బ్యాలెట్ పెట్టెలూ ఉన్నాయి. మనిషి నిలబడే చోటు కూడా లేదు.

సభలో లేచి మాట్లాడు. ఉత్తరంలో రాసినట్టే మాట్లాడు.

ఇట్లు,
శశిధర్

తా.క.: ఏప్రిల్ అంకె మార్చి కంటే తగ్గితే పనితీరు పడిపోయినట్టు చూపిస్తానని యాప్ ఇప్పుడే హెచ్చరిక పంపింది.

*

ఈదులకుంట,
14 ఏప్రిల్ 2026, మంగళవారం.

సెక్రటరీ సార్‌కు మనస్విని రాసే సంగతులు.

మీరు లేరు కాబట్టి తీర్మానాల పుస్తకం రాసే పని సర్పంచ్ గారు నాకే అప్పగించారు. నా హాలుకు తాళం వేయాలని నా చేతనే రాయించడం న్యాయం కాదన్నాను. "నీ రాత మంచిగుంటది బిడ్డా" అన్నారు.

నేను లేచి మాట్లాడాను. ఉత్తరంలో రాసినట్టు రాలేదు. "సార్, ఇంకా ఇరవై రోజులే..." అని కూర్చున్నాను. జంగయ్య గారు కొత్త తాళం బల్ల మీద పెట్టి, "దేనికోసం కట్టిండ్రో దానికి పోయేటోళ్లు ఎవలన్న ఉన్నరా? లేకుంటే తాళమేద్దాం" అన్నారు.

అప్పుడు పిచ్చమ్మ నానమ్మ కట్టె ఊతంగా లేచింది. ఇక నా పని ఖతం అనుకున్నాను.

"నేనున్న. రాసుకో" అంది.

ఏమని రాయాలి నానమ్మా అని అడిగాను.

"ఇన్నేండ్లు గా జాగ తొవ్వల నడవాలంటేనే బుగులుండె. మొన్న గోలీల కోసం గేటుకాడ నిలబడి సూసిన. పోరగాండ్లు సదువుతున్నరు, మిరపకాయలు ఎండుతున్నయ్. ఇల్లు లెక్కనే ఉన్నది. నా కొడుకుకు పొలం లేదు. నన్ను ఎవల పొలంల పెడ్తడో అని దినాం రంది పడ్తున్న. ఇగ రంది లేదు. బోణీ నాదే. నల్లా పక్క గద్దె నాకు రాయి."

వెంటనే మాజీ సర్పంచ్ గోపాల్ తాత లేచాడు. "అదెట్ల పిచ్చమ్మా? కట్టించింది నేను. బోణీ నేనే చేయాలె."
"ఐదేండ్లాయె కట్టి. అప్పటిసంది ఏం జేస్తున్నవ్?"
"మంచిగనే ఉంటి."
"నేనూ మంచిగనే ఉన్న. వరుసల నిలబడు."

అరగంట కొట్లాడుకున్నారు. ఇంకో ముగ్గురు పెద్దమనుషులు కూడా చేతులెత్తారు. జంగయ్య గారు తాళం తీసి జేబులో వేసుకున్నారు. "ఐదుగురు పేర్లు రాయించుకున్నంక తాళమెట్లేస్తం?" అన్నారు. మరి మనస్విని చదువు సంగతేమిటని రోజా అడిగింది. పిచ్చమ్మ నానమ్మ నా వైపు చూసి, "దీని పరీక్ష అయ్యేదాక నేను పోను. నేను పోనప్పుడు నా ఎనకున్నోళ్లు ఎట్ల పోతరు?" అంది. సభ చప్పట్లు కొట్టింది. నేను పుస్తకంలో ఇలా రాశాను. తప్పుంటే దిద్దగలరు:

"తీర్మానం 4: వైకుంఠధామానికి తాళం వేయరాదు. మే నెలలో ఎంసెట్ ముగిసేవరకు గ్రామంలో ఎవరూ మరణించరాదు. తప్పనిసరైతే ముందుగా మనస్వినికి తెలియజేయాలి. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

అందరూ సంతకాలు పెట్టారు. పిచ్చమ్మ నానమ్మ వేలిముద్ర వేయనంది. ఊళ్లో మొదటి పేరు తనది కాబట్టి సంతకమే పెడతానంది. రాయడం రాదు కదా అంటే, "నువ్వున్నవ్ గద, దినాం గాడనే. ఇరవై దినాలు సాలవా?" అని అడిగింది. చాలుతాయన్నాను. తీర్మానం కింద ఆమెకు చోటు వదిలిపెట్టాను.

ఇట్లు,
ఫిజిక్సు మొదలుపెట్టబోతున్న
మనస్విని

తా.క.: రేపు పొద్దున ఆరింటికి నానమ్మను నేనే చెయ్యి పట్టి తీసుకెళ్లాలి. పలక రోజా తెస్తుంది. రేపు 'పి' ఒక్కటే నేర్పుతాను. 'చ్చ'కు ఒత్తు ఉంది కాబట్టి దాన్ని ఎల్లుండికి ఉంచాను.