మనీప్లాంట్‌కు తెల్ల చారలు

నరసరావుపేట

చెల్లి సువార్తకు,

కంటి ఆపరేషన్ బాగా జరిగింది, దిగులు పెట్టుకోకు. నెల రోజులు వంగొద్దన్నారు కాబట్టి నా కుండీలకు మీ బావే నీళ్లు పోశారు. నిన్న కొత్త కళ్లద్దాలు రాగానే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, "చూడవే, నీ మనీప్లాంట్ నా చేతిలో ఎట్టా పెరిగిందో!" అన్నారు. నా మొక్క ఆకులు ఒట్టి పచ్చన. దీనికి తెల్ల చారలున్నాయి. పాతది నీళ్లెక్కువై కుళ్లితే, నర్సరీలో కొత్తది కొని పెట్టినట్టున్నారు.

"చానా బాగా పెంచారండీ" అన్నాను. సంబరపడి మళ్లీ ఒక చెంబు పోశారు.

నువ్వొచ్చేటప్పుడు మీ తీగలో ఒక కొమ్మ తీసుకురా. అది నా మొక్క నుంచి తుంచి నాటిందే కదా. పాప దీపికకు జ్వరం తగ్గిందా? ప్రభువు మీ ఇంటిని చల్లగా చూడాలి.

ఈ కార్డు ఆయన చేతికివ్వను. నేనే నడిచి వెళ్లి పోస్టు డబ్బాలో వేస్తాను.

మీ అక్క,
కరుణ