నా వాటాకు వచ్చిన ఇసుక

కాలా రోంకా రేవులో పుట్టి, అక్కడే వలలు అల్లుతూ ముసలిదాన్నైన అసుంసియోన్ సోలెర్ ఎస్కెర్దో అనే నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుర్ర చెడలేదు గనుక, ఎవరి బలవంతమూ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఈ నాలుగు అక్షరాలూ నేర్పింది నా భర్త గాస్పర్. దీన్ని అమలు చేయవలసినవాడు రొట్టెల కొట్టు రెమీహియో. తలుపులు వేసి, గొంతు తగ్గించి చదవాలి.

1. మా నాన్న పంపకాల్లో నిమ్మతోట తమ్ముడు బతిస్త్‌కు, సముద్రపు ఒడ్డున ఇసుక నాకు వచ్చాయి. ఏమీ పండని నేల ఆడపిల్లకివ్వడం మా వైపు ఆనవాయితీ. ఆ ఇసుకను ఎవరికీ రాయలేను, అది ఇప్పుడు నాది కాదు. ప్రజాప్రయోజనం అని గవర్నరు కాగితం పంపి, లాక్కుని, హోటలు కట్టించారు. ఏ ప్రజలో వాళ్ళకే తెలియాలి. "ఏమ్మా, దేశాన్నేలే జనరల్‌గారి అభివృద్ధికే అడ్డం పడతావా? దొరలొచ్చే చోట నీ చిరుగుల వలలు ఆరేస్తావా?" అని మేయరు ఇంటికొచ్చి మరీ అడిగాడు. ధర పెంచడానికి బెట్టు చేస్తున్నానని ఊరు అనుకుంది.

2. బెట్టు కాదు. జనరల్‌గారు గెలిచి అంతర్యుద్ధం ముగిసిన వసంతంలో, జాలర్ల సంఘం కార్యదర్శి అన్న నేరానికి ఆయన సైనికులు గాస్పర్‌ను కాల్చి ఆ ఇసుకలోనే పూడ్చారు. తుపాకీ చూపించి గొయ్యి తవ్వించింది నా తమ్ముడి చేత. ఎక్కడరా అంటే వాడు ముఖం తిప్పుకునేవాడు. చోటు తెలియకనే గజం నేల కూడా అమ్మలేదు. కారణం పైకి చెబితే చంపిందెవరో కూడా చెప్పాలి. ఎవరికుంది ఆ ధైర్యం?

3. ఇల్లు, మంచం, నూనె జాడీలు నా కూతురు రీతాకు. అమ్ముకోవాలనుకుంటే అమ్ముకో తల్లీ. ఆ హోటల్లో దుప్పట్లు ఉతకడానికి చేరావని తిట్టిన తిట్లన్నీ ఈ కాగితంతో రద్దు చేస్తున్నాను. నాన్న ఆ నేలలోనే ఉన్నాడని నీకు తెలుసు. ఎక్కడో నేను చెప్పలేకపోయాను. అదొక్కటే నా ఏడుపు.

4. మేయరుకు ఆయన పంపిన హోటలు క్యాలెండరు తిరిగిచ్చేయాలి. అందులో మన రేవుంది, మనం లేము.

5. ఒరేయ్ బతిస్త్, తోట నీకు దక్కిందని నీతో మాట మానేశాననుకున్నావు. తోటెవడికి కావాలిరా, బావ ఉన్న చోటు చెప్పలేదని నా కోపం! హోటలు పునాదులకు యంత్రాలు వచ్చిన రోజు నా పక్కన నిలబడి, "అటు తవ్వలేదక్కా, బావని కదపలేదు" అని చిన్నపిల్లాడిలా ఏడ్చావు. ఎటో మాత్రం అనలేకపోయావు. ఆ రోజే నా కోపం పోయింది. నాన్న చేతికర్ర నీకు.

6. పిండి డబ్బాలోని చిల్లర మీ ఇద్దరికీ. నన్ను పూడ్చాక వచ్చే ఆదివారం, రీతా నా పెళ్ళినాటి నల్ల గౌను (మా కాలంలో పెళ్ళికి నలుపే) తొడుక్కుని, పనివాళ్ళ దారిన కాకుండా పెద్ద గేటులోంచే, యంత్రాలు తవ్వకుండా వదిలిన చోట వేసిన హోటలు తోటలోకి వెళ్ళాలి, మామయ్యతో. ఏదైనా కొంటేనే అక్కడ కూర్చోనిస్తారట. రెండు నిమ్మరసాలు తెప్పించుకోండి. బతిస్త్, నువ్వు నోరు తెరవనక్కర్లేదు నాయనా. నీ కుర్చీ ఎక్కడ వేసుకుంటావో రీతా చూస్తుంది.

కాలా రోంకా, 1969 నవంబరు 2, మృతుల పండగ.

(సంతకం) అసుంసియోన్ సోలెర్, గాస్పర్ లోరెత్ భార్య

సాక్షులు: బ్లాసా పినియోల్, సిరియాకో వైయెస్. ఇందులో ఏముందో వీళ్ళిద్దరూ చదవలేదు. వీళ్ళ జోలికి ఎవరూ పోవద్దు.