నిండు బండికి దారి

అన్నకు, వదినకు, అవ్వకు మీ గంగారాం దండం పెట్టి రాసేది.

మీరంతా బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఎద్దులు మేత సరిగా మేస్తున్నాయా? ఎద్దుల సంగతి ఎందుకు అడుగుతున్నానో చివర్లో తెలుస్తుంది. నేను ఒంట్లో బాగానే ఉన్నాను, దిగులు పడకండి. మనసే బాగా లేదు. ఈ ఉత్తరం ముందు నువ్వు ఒక్కడివే చదువుకో అన్నా. అవ్వకు వినిపించాలో వద్దో తర్వాత నీ ఇష్టం.

బోధన్‌లో ఇప్పుడు చెరుకు రోజులు. ఊరంతా పాకం వాసన. మొదట్లో బాగుండేది, ఇప్పుడు అన్నంలో కూడా అదే వాసన. నాకు లారీ నేర్పిన కాసిం భాయి గదిలోనే ఉంటున్నాను. ఆయన రొట్టె చేస్తాడు, నేను పప్పు చేస్తాను. ఇద్దరం తింటుంటే వదిన చేసే పచ్చిపులుసు గుర్తొస్తుంది. చలి బాగా ఉంది. బాపు పోయినప్పుడు నువ్వు నాకిచ్చిన ఆయన గొంగడే కప్పుకునేవాణ్ణి. ఈ నాలుగు రోజులుగా అది కప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

లారీ చేతికొచ్చాక నాకు కళ్లు నెత్తికెక్కాయన్నా. ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ముందు చేరిన లారీకి ముందు తూకం. అందుకని అందరం ఉరుకుతాం, నేను అందరికంటే ఎక్కువ ఉరికేవాణ్ణి. హారను మీది నుంచి చెయ్యి తీసేవాణ్ణి కాదు. సైకిళ్లవాళ్లు దిగి పక్కకు జరుగుతుంటే నాకు మర్యాద ఇస్తున్నారనుకునేవాణ్ణి. వాళ్లు భయపడుతున్నారని ఇప్పుడు తెలిసింది.

పోయిన సోమవారం మధ్యాహ్నం ఫ్యాక్టరీలో చెరుకు దించి, ఖాళీ లారీతో ఎడపల్లి దిక్కు పోతున్నాను. ఎదురుగా చెరుకు బండి. తోలే మనిషి చెరుకులో మునిగి తలపాగా ఒక్కటే కనబడుతోంది. తారు రోడ్డు ఒక్కరికే సరిపోతుంది, ఎవరో ఒకరు మట్టిలోకి దిగాలి. నేను దిగలేదు. హారను కొడుతూ మీదికే పోయాను. ఆయన బండిని పక్కకు తిప్పాడు. కాలువ గట్టు మెత్తటి మట్టిలో చక్రం కూరుకుపోయి బండి ఒరిగింది. దాపటి ఎద్దు మోకాళ్ల మీద పడింది.

లారీ ఆపి దిగాను. ముసలాయన తిడతాడనుకున్నాను. తిడితే తిరిగి తిట్టడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన తిట్టలేదు. కాడి విప్పి, ఎద్దు కాలు రెండు చేతులతో పట్టుకుని ఒత్తి చూశాడు. తర్వాత నా లారీ వెనక వైపు చూశాడు.

“నీది ఖాళీదే గద బిడ్డా. నిండు బండి అస్తుంటే దిగాల్నని మీ ఇంట్ల ఎవలు చెప్పలేదా? ఎవల కొడుకువు నువ్వు?”

చెప్పకపోవడమేమిటన్నా. నిజామాబాదులో పసుపు దించి ఖాళీ బండితో వచ్చేటప్పుడు, నిండు బండి అల్లంత దూరాన కనబడగానే బాపు మన బండిని ముళ్లలోకైనా దించేవాడు. “నిండు బండికి మన నీడ గూడ అడ్డం పడొద్దు” అనేవాడు. ఒకసారి నేను పగ్గాలు పట్టుకుని దించకపోతే, నన్నే బండి దింపి ఇంటిదాకా నడిపించాడు. నువ్వు దారంతా నవ్వావు.

ఆ బాపు పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఆర్మూరు రాజయ్య కొడుకునన్నాను. అలాంటి రాజయ్య ఎవరూ నాకు తెలియదు. బాపుకు చెడ్డపేరు రాకూడదనే అలా చెప్పానని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నన్ను నేను కాపాడుకున్నాను.

సాయంత్రం కాసిం భాయికి చెప్తే రొట్టె చేయడం ఆపేశాడు. “స్టీరింగు నేర్పిన గని తమీజ్, మర్యాద నేర్పలే. సగం గల్తీ నాది,” అన్నాడు. నా చెంప వాయించినా ఇంతకంటే బాగుండేది. పోయి ఎద్దు ఎట్లా ఉందో చూసి రమ్మన్నాడు.

మూడో రోజు ఆ దారిలో అడుగుతూ వాళ్లింటికి పోయాను. ముసలాయన పేరు లచ్చన్న. ఎద్దు కాలు నేల మీద పెట్టడం లేదు. కొట్టిన చెరుకు పొలంలోనే ఎండుతోంది, రోజు రోజుకూ బరువు తగ్గిపోతోంది. నా లారీలో తెస్తానన్నాను. గట్టు దారిలో లారీ పట్టదు. చుట్టుపక్కల ఎవరి ఎద్దులు వాళ్ల చెరుకుకే చాలడం లేదు. అయినా లచ్చన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టి చాయ ఇప్పించాడు. భార్యతో అన్నాడు:

“గీ పిలగాడే. జేసి పారిపోలే, మల్ల అచ్చి అడుగుతుండు. ఆర్మూరు రాజయ్య మంచిగనే పెంచిండు.”

అన్నా, ఆ చాయ సగంలోనే కింద పెట్టేశాను. నన్ను పెంచింది బాపు. ఆ మంచి మాట బాపుది. దాన్ని లేని మనిషికి ఇచ్చేసి, నోరు తెరవలేక వచ్చాను.

పసుపు తవ్వడానికి ఇంకా రోజులున్నాయి కదా. మన నల్లెద్దును లచ్చన్న బండికి ఒక పదిహేను రోజులు ఇవ్వు. అది ఏ జోడుకైనా కుదురుతుంది. రెండు రోజుల నడక, మెల్లగా నువ్వే తోలుకుని రా. వదిన కొంచెం మామిడికాయ తొక్కు కట్టిస్తే కాసిం భాయికి ఇస్తాను. లారీ ఇప్పుడు మెల్లగానే నడుపుతున్నాను, నమ్ము. తూకానికి వెనకబడుతున్నాను, తోటివాళ్లు నవ్వుతున్నారు. అయినా మెల్లగానే నడుపుతున్నాను.

నల్లెద్దును చూడగానే అది ఎవరి ఎద్దని లచ్చన్న అడుగుతాడు. రైతు కదా, అడగకుండా ఉండడు. అప్పుడు నువ్వు మాట్లాడకు. నేను చెప్తాను.

అవ్వకు కోపమొచ్చినా సరే, తిట్టి తర్వాత దీవించమను. ఇంట్లో పెద్దలందరికీ నా దండాలు.

బోధన్ నుంచి,
నర్సయ్య కొడుకు
గంగారాం