లక్రిస అంటే తెలియదు!

జూన్ 3, సోమవారం
ఈ రోజు నుంచి కొత్త మనిషిని! మా టర్కీలోని సార్ద్ శిథిలాల్లో గైడుగా ఇన్నాళ్లూ, ఎప్పుడో చచ్చిపోయిన లిడియా భాష మాటలకు నోటికొచ్చిన పుట్టుక కథలు చెప్పాను. ఇక బంద్. రుజువున్నవే చెబుతాను. తాద: తండ్రి. ఎన: తల్లి. బిర: ఇల్లు. మిగతా వాటికి ఒకటే జవాబు, "తెలియదు".
శాసనాలు చదివే నెర్మిన్ గారు కొత్త మ్యూజియంలో పర్మనెంటు ఉద్యోగానికి నా పేరు రాస్తానన్నారు. శుక్రవారం వచ్చి వింటారట. ఒక్క కట్టుకథ దొర్లినా ఉద్యోగం గల్లంతు.

జూన్ 4, మంగళవారం
ఒక జర్మన్ పెద్దాయన రాతి మీద 'లక్రిస' చూపించి అర్థం అడిగాడు. "కొందరు గోడ అంటారు, కొందరు రాత అంటారు. ఖాయంగా ఎవరికీ తెలియదు" అన్నాను. శభాష్ హులూసీ!
ఆయన మొహం మాత్రం చిన్నబోయింది.
రాత్రి అమ్మ తిట్టింది. "అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపుతావుట్రా? పరువు తీశావు!"
మా ఊళ్లో అంతే. ఎవరైనా దారి అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపిస్తాం.

జూన్ 5, బుధవారం
పొద్దున్నుంచీ తెలియదు, తెలియదు, తెలియదు. ఒకావిడ నా గుర్తింపు కార్డు చూపించమంది!
మధ్యాహ్నం చిన్న సడలింపు: "తెలియదు, కానీ మా పెద్దవాళ్లు అంటుంటారు..." ఇది అబద్ధం కాదు. మా పెద్దవాళ్లు ఏదైనా అంటారు.

జూన్ 6, గురువారం
ఇజ్మీర్ నుంచి కొత్త జంట. పెళ్లికూతురు లక్రిస మీద వేలు పెట్టి, "ఇది ప్రేమ గురించేనా?" అంది. పెళ్లికొడుకు నన్ను కళ్లతోనే బతిమాలాడు. ఏం చెయ్యను!
లక్ అంటే గుండె, రిస అంటే తలుపు అన్నాను. ఆమె ఏడ్చింది. నేనూ కాస్త ఏడ్చాను.
ఇది లెక్కలోకి రాదు. పరీక్ష రేపు కదా.

జూన్ 7, శుక్రవారం
నెర్మిన్ గారి ముందు లక్రిసకు "తెలియదు" అన్నాను. స్పష్టంగా! అప్పుడే నిన్నటి జంట పరిగెత్తుకొచ్చింది. ఉంగరాల మీద లక్రిస చెక్కించుకున్నారు. "గుండె తలుపు!" అని నెర్మిన్ గారికే చూపించారు.
ఆవిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.
మధ్యాహ్నం అమ్మ వచ్చి ఆవిడను మా ఇంటికి భోజనానికి లాక్కెళ్లింది. పాలకూర రొట్టెలు, పెరుగు. మూడో రొట్టె పళ్లెంలో వేయబోతూ అడిగింది. "నా పేరు మక్బూలే. మన పాత లిడియా వాళ్లలో ఈ పేరు ఉందా అమ్మాయ్?"
అది అరబ్బీ పేరని నాకు కూడా తెలుసు.
"లే..." అన్నారు నెర్మిన్ గారు. రొట్టె గాల్లోనే ఆగింది.
"లేకపోలేదు పిన్నీ. పొయ్యి దగ్గరి రాణి అనే మాట నుంచి పుట్టి ఉంటుంది."
అమ్మ మొహం వెలిగిపోయింది. నాన్న పోయాక అమ్మను అలా చూడలేదు. నెర్మిన్ గారు నా వంక చూడకుండా రొట్టె తిన్నారు.

జూన్ 8, శనివారం
నెర్మిన్ గారి ఫోన్. "మీ పేరు రాస్తున్నాను హులూసీ. నిన్నటి సంగతి మాత్రం బయటికి పొక్కకూడదు. సోమవారం నుంచి ఇద్దరం రుజువున్నదే చెబుదాం."
ఆలస్యమైపోయింది. అమ్మ వీధంతా చాటేసింది. నలుగురు ఆడవాళ్లు వేడి వేడి రొట్టెలతో గుమ్మంలో నిలబడ్డారు. తమ పేర్లకూ లిడియా అర్థాలు కావాలట.
ఈ నలుగురికీ మాత్రం ఏదో ఒకటి చెప్పేస్తాను. సోమవారం నుంచి కొత్త మనిషిని!